నాలుగాకుల విస్తరి

తార్నాక చౌరస్తా నెత్తిన మెట్రో వంతెన ఇంకా పడని రోజులవి. అప్పట్లో అక్కడ నిలబడి తల ఎత్తితే ఆకాశం కనిపించేది. (ఎవరూ తల ఎత్తేవారు కాదనుకోండి. ఎత్తినవాణ్ణి సిటీ బస్సు వదిలిపెట్టేది కాదు.) ఆ ఆకాశం కింద, ఒక చేతిలో ఇడ్లీ పొట్లం, రెండో చేతిలో అద్దాలు తుడిచే మెత్తటి కాగితాల కట్ట పట్టుకుని, లోకంలో ఇంకా ఎవరింట్లోనూ లేని, క్వాంటం అనే ఒక కొత్త రకం కంప్యూటరుకు పునాది వెయ్యడానికి క్యాంపస్ వైపు నడిచిపోతున్న సన్నటి కుర్రాణ్ణి మీరెవరైనా చూసి ఉంటే, అది నేనే. సన్నగా ఉండేవాణ్ణన్న సంగతి మా ఇంట్లో ఎవరూ నమ్మరు. నేను చెప్పేవాటిలో సగం వాళ్ళు నమ్మరు, మిగతా సగం వినరు. ఈ కథలో మాత్రం అబద్ధం పాలు చాలా తక్కువ. ఉన్నచోట నేనే చెప్పేస్తాను, మీరు వెతుక్కోనక్కర్లేదు.

మాది ఫిజిక్స్ డిపార్ట్‌మెంటు. పాత భవనం, కింది అంతస్తు, వరండా చివర కిటికీలు లేని గది. ఆ గదిలో పరిశోధన చేసే విద్యార్థులం ఇద్దరమే. నేనొకణ్ణి. రెండోవాడు అడిక్‌మెట్‌లో నా అద్దె గదిలోనే ఉండేవాడు, ఒక పల్లెటూరి పాస్టరుగారి అబ్బాయి. చిన్నాపెద్దా అందరినీ బ్రదర్ అని పిలిచేవాడు కనుక మేమూ అతన్ని బ్రదర్ అనే అనేవాళ్ళం. మా గైడుగారికి డిపార్ట్‌మెంటులో చీకటి సారు అని పేరు. ఏ గదిలోకి అడుగుపెట్టినా ఆయన ముందు లైటు ఆర్పేవారు. ఒకసారి ఎవరిదో రిటైర్మెంటు సభలో అలవాటు కొద్దీ హాలు లైట్లన్నీ ఆర్పేసి, ఆ చీకట్లోనే పది నిమిషాలు ఉపన్యసించారు. (పది కాదు, రెండు.) ఆయనకున్న రెండో అలవాటు నశ్యం. దానివల్ల ఆయన ముక్కుకు మల్లెపూలకూ మురిక్కాలవకూ తేడా తెలిసేది కాదు. ఈ ముక్కు సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. ఇక నాలుగో మనిషి అటెండరు. లాలాపేట్ నుంచి వచ్చేది. డిపార్ట్‌మెంటులో అందరికీ ఆమె అక్కే, ఆమెకన్నా పదేళ్ళు పెద్దయిన చీకటి సారుకు కూడా.

మేము ఏం చేస్తున్నామో మా ఊళ్ళో ఎవరికీ అంతుపట్టలేదు. ఏం చదువుతున్నావని అడిగితే ‘వెలుతురు మీద’ అని చెప్పినందుకు, ఊరికి వెళ్ళినప్పుడల్లా నన్ను పొలం గట్ల మీదుగా నడిపించుకుపోయి కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మరు చూపించేవారు. నిజానికి నాకే మొదటి ఏడాది అంతుపట్టలేదు. అప్పుడు చీకటి సారు నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, చిటికెలో నశ్యం పట్టుకుని చెప్పారు.

“చూడవయ్యా. మామూలు కంప్యూటర్లు లెక్క చేసుకుంట చేసుకుంట పోతయి. మనం అట్ల కాదు. ముందే ఫొటాన్లను, అంటే వెలుతురు నలుసులను, ఒకదానితో ఒకటి పెనవేసి పెడతం. ఒకదాని సంగతి ఇంకొకదానితోని ముడిపడి ఉంటది. తయారైనంక ఒక్కొక్కదాన్నే కొలుస్తం. మొదటిదాన్ని కొలిస్తే వచ్చిన జవాబును బట్టి రెండోదాన్ని ఏ కోణంల కొలవాల్నో తెలుస్తది. రెండోదాన్ని బట్టి మూడోది. కొలుసుడే లెక్క. కొలిచింది మళ్ళ పనికిరాదు. లెక్క అయ్యేసరికి మనం అల్లింది మొత్తం ఖతం.”

నేను తల ఊపాను. అర్థమైనప్పుడు ఊపే ఊపు కాదది. గది మూల చీపురుతో వంగి ఉన్న అక్క నడుము నిటారు చేసింది.

“గంతేనా సారూ? అది ఇస్తారి కుట్టుడే గద. మోదుగాకులు తెచ్చి పుల్లలతోని కుట్టి పెడ్తం. ఒక్క ఆకు గుంజితె అన్నాకులూ వస్తయి. తినేటోడు ఓ దిక్కు నుంచి తినుకుంట పోతడు. తిన్నంక పారేసుడే. కడిగి మళ్ళ పెడ్తమా?”

చీకటి సారు చిటికెలో నశ్యం అలాగే ఉండిపోయింది. “అంతే” అన్నారు. ఆ తర్వాత ఆయన ఏ సెమినారుకు వెళ్ళినా విస్తరితోనే మొదలుపెట్టేవారు. మొదట్లో ‘మా అక్క చెప్పినట్టు’ అనేవారు. ఏడాది తిరిగేసరికి అక్క జారిపోయి విస్తరి మాత్రం మిగిలింది. మొత్తానికి అలా నా పనేమిటో నాకు తెలిసింది. భోజనం ఎవరైనా చేసుకుంటారు, విస్తరి కుట్టడం మా పని. అదీ నాలుగే నాలుగు ఆకులది.

ఆ నాలుగాకుల కోసం గదిలో సగం ఆక్రమించిన ఇనుప బల్ల ఒకటి, దాని మీద లేజరు, చిన్న స్ఫటికం, లెక్కలేనన్ని అద్దాలు, నాలుగు డిటెక్టర్లు. లేజరు స్ఫటికం మీద పడితే ఎప్పుడో ఒకప్పుడు ఫొటాన్లు జంటగా పుడతాయి. రెండు జంటలు ఒకేసారి పుట్టి, ఒక గాజు ముక్క దగ్గర కలుసుకుని, నాలుగు దారుల్లో నాలుగు డిటెక్టర్లను చేరాలి. నాలుగూ ఒకే క్షణంలో టిక్కుమంటే బయట పెట్టెలో ఎర్ర అంకె ఒకటి పెరుగుతుంది. ఒకే క్షణమంటే మీరనుకునే క్షణం కాదు, రెప్పపాటును కోటి ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క. డిటెక్టర్లు ఎంత సుకుమారమైనవంటే మిణుగురు పురుగు వచ్చినా ఉలిక్కిపడతాయి. అందుకని బల్ల చుట్టూ మూడు వైపులా మందపాటి నల్ల తెరలు కట్టాం. నాలుగో వైపు గోడ. గోడ నుంచి వెలుతురెక్కడొస్తుందని వదిలేశాం. మేము తెర బయట స్టూళ్ళ మీద కూర్చుని ఎర్ర అంకె వైపు చూస్తుండేవాళ్ళం.

ఎనిమిది నెలలు ఆ అంకె సున్నా దగ్గర నుంచి కదల్లేదు. ఐదు నిమిషాలు చూసేవాణ్ణి, నాకు ఊపిరాడేది కాదు, లోపలికి దూరి ఏదో ఒక అద్దం మర తిప్పేవాణ్ణి. మళ్ళీ ఐదు నిమిషాలు. ఈసారి బ్రదర్ దూరేవాడు, నేను తిప్పిన మర వెనక్కి తిప్పేవాడు. ఇంతలో పరీక్షల బ్రాంచి వాళ్ళకు మా గది మీద కన్నుపడింది. వాళ్ళ జవాబు పత్రాల కట్టలు మెట్లకింద, వరండాల్లో, చివరికి సైకిల్ స్టాండులో కూడా పేరుకుపోతున్నాయి. కిటికీలు లేని గది, తాళం ఉన్న గది, లోపల ఏమీ జరగని గది వాళ్ళకు కావాలి. మూడు లక్షణాలూ మాకున్నాయి. వాళ్ళ సూపరింటెండెంటు వారానికోసారి చేతిలో టేపు పట్టుకుని వచ్చేవారు. మేము లోపల ఫొటాన్లను కొలుస్తుంటే ఆయన బయట గోడలను కొలిచేవారు. ఆయన కొలతలు మాత్రం ఎప్పుడూ చక్కగా వచ్చేవి. ఆయనకు మేము టేపు సారు అని పేరు పెట్టుకుని ఆ మేరకు కసి తీర్చుకున్నాం. చివరికి గది ఎవరికివ్వాలో తేల్చడానికి ముగ్గురితో ఒక కమిటీ పడింది, వర్షాకాలం సగంలో వచ్చి చూస్తామంది. గది పోతే నా నాలుగేళ్ళ చదువు పోయినట్టే. చీకటి సారు రిటైర్మెంటుకు రెండేళ్ళే ఉంది. ఆ బల్లను ఇంకో గదికి మార్చి మళ్ళీ అద్దాలన్నీ ఒక దారికి తెచ్చేసరికి ఆయన ఇంటి దగ్గర లైట్లు ఆర్పుకుంటూ ఉంటారు.

సరిగ్గా అప్పుడు, వేసవి సెలవులయ్యాక గది తెరిచిన మొదటి వారం, పొద్దున తొమ్మిదింటికి ఎర్ర అంకె కదిలింది. ఒకటి. మూడు. పదకొండు. నేను స్టూలు మీది నుంచి లేచాను. బ్రదర్ మోకరిల్లాడు. నిమిషానికి ముప్పై! చీకటి సారు పరిగెత్తుకొచ్చి, ఆనందంలో గది లైటు వేశారు. ఆయన చేత్తో లైటు వెయ్యడం అదే మొదటిసారి. తొమ్మిదీ నలభై అయ్యేసరికి అంకె మెల్లగా మందగించి ఆగిపోయింది. మర్నాడు మళ్ళీ తొమ్మిదింటికి మొదలు, తొమ్మిదీ నలభైకి ఆఖరు. ఆ మర్నాడూ అంతే.

ఇక మేం చేసిన మేధోమథనం గురించి చెప్పాలి. చీకటి సారు సిద్ధాంతం ప్రకారం రాత్రంతా చల్లబడిన బల్ల పొద్దున నలభై నిమిషాలు మాత్రమే కుదురుగా ఉంటుంది. ఆయన దాని మీద పదకొండు పేజీల లెక్క వేశారు. (తొమ్మిది.) నా సిద్ధాంతం రైలు. మా క్యాంపస్ పక్కనే పట్టాలు, తొమ్మిదీ నలభైకి ఏదో లోకల్ వెళ్తూ బల్లను కదిలిస్తోందని నా నమ్మకం. టైంటేబులు జేబులో పెట్టుకు తిరిగేవాణ్ణి. ఏ రైలూ ఎన్నడూ సమయానికి రాలేదు, అంకె మాత్రం రోజూ సమయానికే ఆగింది, అయినా నా నమ్మకం చెక్కుచెదరలేదు. బ్రదర్ మాత్రం, “నా కోసం మా అమ్మ రోజూ తొమ్మిదింటికి ప్రార్థన చేస్తది బ్రదర్, దాని ప్రభావం” అన్నాడు. మేమిద్దరం నవ్వాం. తర్వాత ఆలోచిస్తే మా ముగ్గురిలో సత్యానికి అందరికన్నా దగ్గరగా వెళ్ళింది అతనే.

అసలు పరీక్ష ఇంకొకటి ఉంది. ఫొటాన్లు నిజంగా పెనవేసుకున్నాయో లేదో తెలియాలంటే వాటి దారిలో ఉన్న పలకల కోణం తిప్పి చూడాలి. నిజమైనవైతే కొన్ని కోణాల్లో టిక్కులు పెరగాలి, కొన్నింట్లో ఆగిపోవాలి. అది వచ్చే వారం చేద్దామనుకున్నాం. మా ప్రయోగశాలలో మంచి పనులన్నీ వచ్చే వారమే ఉండేవి. ఈలోగా చీకటి సారు నలభై నిమిషాల గ్రాఫు గీసి కమిటీకి పంపేశారు. ‘పొద్దున తొమ్మిదింటికి రావలసిందిగా ప్రార్థన’ అని కింద గీత గీసి మరీ రాశారు.

రెండో నెలలో అక్క మూడు రోజులు సెలవు పెట్టింది. మూడు రోజులూ సున్నా. నాలుగో రోజు అక్క వచ్చింది, అంకె వచ్చింది. నేను సైన్సు విద్యార్థిని కనుక వెంటనే నోటుపుస్తకంలో రెండు గడులు గీశాను: అక్క ఉన్నప్పుడు, అక్క లేనప్పుడు. ఆ రోజే పదకొండింటికి అక్కను పిలిచి స్టూలు మీద కూర్చోమన్నాం. ముగ్గురం చుట్టూ నిలబడి ఒకసారి ఆమెనూ ఒకసారి అంకెనూ చూశాం. సున్నా.

“ఏంది తమ్మీ, నన్నేమన్న పెండ్లిచూపులకు కూసోవెట్టిన్రా?” అంది అక్క.

“కొంచెం ఇటు జరుగక్కా” అన్నాను.

జరిగింది. సున్నా. టీ తాగించి చూశాం, సున్నా. చివరికి ‘అక్క ప్రభావం పొద్దున తొమ్మిది నుంచి తొమ్మిదీ నలభై వరకే పనిచేయును’ అని నా చేత్తో నేను రాశాను. ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గరుంది. నా పిల్లలకు కనపడకుండా దాచాను.

కమిటీ సోమవారం వస్తుందనగా శనివారం పొద్దున వాన పట్టుకుంది. బ్రదర్ ఊరికి వెళ్ళాడు, చీకటి సారు రాలేదు. నేనొక్కణ్ణే తెర బయట కూర్చున్నాను. తొమ్మిదింటికి అంకె మొదలైంది. తొమ్మిదీ పదికి టక్కున ఆగిపోయింది. అప్పుడు తెర లోపలి నుంచి, ఆ రోజింకా ఊడ్చడం అవ్వని అక్క గొంతు వినిపించింది.

“థూ, ఆరిపాయె. వానకు మెత్తవడ్డయి.”

తర్వాత అగ్గిపుల్ల గీసిన చప్పుడు. నా ముందున్న ఎర్ర అంకెకు పిచ్చెక్కింది. వందలు, వేలు, ఆ తర్వాత వరసగా తొమ్మిదులు, ఆపైన పెట్టె బిగుసుకుపోయింది. నేను తెర తొలగించి లోపలికి దూరాను. నాలుగో వైపు వదిలేసిన గోడలో, బల్ల అవతల, మేమెన్నడూ తొంగిచూడని ఒక గూడు. గూట్లో దేవుడి పటం. పటం ముందు రెండు అగరొత్తులు. వాటి కొనల ఎర్రటి నిప్పు ఎదురుగా మా నాలుగు డిటెక్టర్లూ నోళ్ళు తెరుచుకుని చూస్తున్నాయి. మన కంటికి ఆ నిప్పు ఇసుమంత. వాటికి అది మధ్యాహ్నపు సూర్యుడు.

“అక్కా, ఇది ఎప్పట్నుంచి?”

“ఏదీ, పటమా? మొన్న ఎండకాలం సెలవులల్ల వరండకు సున్నమేసిన్రు గద. గప్పుడు గీడ వెట్టిన. మీ బల్ల ముట్టలే తమ్మీ, ఒట్టు. పొద్దుగాల ఊడ్సి, మీరు పెట్టె చాలు జేసే ముందే రెండు ఊదుబత్తులు ముట్టిచ్చి బయటికొస్త. గంతే.”

ఒక అగరొత్తి నలభై నిమిషాలు కాలుతుంది. సరిగ్గా ఆ క్షణంలో, రెండు నెలల తర్వాత మొదటిసారిగా, నా ముక్కుకు గంధం వాసన తెలిసింది. అంతకుముందు రాలేదా అంటే రోజూ వచ్చేది. చీకటి సారుకు నశ్యం అడ్డం, బ్రదర్‌కు ఏడాది పొడుగునా జలుబు. నాకు ఏ అడ్డమూ లేదు. పెనవేసుకున్న ఫొటాన్లు ఇలాగే వాసన వేస్తాయేమో అనుకున్నాను కాబోలు.

వచ్చే వారం చేద్దామనుకున్న కోణాల పరీక్ష ఆ మధ్యాహ్నమే, ఎండిన అగరొత్తులు రెండు వెలిగించి నేనే చేశాను. పలక ఎటు తిప్పినా నిమిషానికి ముప్పైకి తగ్గలేదు. అగరొత్తికి కోణాలతో ఏం పని? సంగతి చాలా తేలిక. మనుషులెవరూ లేని తార్నాక చౌరస్తాలో నాలుగు బళ్ళు సరిగ్గా ఒకే క్షణంలో హారన్ కొడితే, ఆ నాలుగింటికీ ఏదో బంధుత్వం ఉందనుకోవచ్చు. పొద్దున తొమ్మిదింటికి, హబ్సిగూడ నుంచి వచ్చేవాడూ లాలాపేట్ నుంచి వచ్చేవాడూ ఒకేసారి దూరే వేళలో, అందరూ హారన్ మీద నుంచి చెయ్యి తియ్యకుండా ఉన్నప్పుడు, నాలుగు హారన్లు కలిసి మోగడానికి బంధుత్వం అక్కర్లేదు. మేము రెండు నెలలుగా ఆ ట్రాఫిక్‌ను లెక్కపెట్టి, చుట్టరికం కనిపెట్టామని కమిటీకి ఉత్తరం రాశాం.

ఇప్పుడు నేను చేసిన పని చెబుతాను. ఇందులో పెంచిందేమీ లేదు, తగ్గిస్తే బాగుండునని మాత్రం ఉంది. ఎవరికీ చెప్పలేదు. ఆదివారం తార్నాకలో ఒక పూజా సామగ్రి కొట్టుకు వెళ్ళాను, సోమవారం అక్క మర్చిపోతుందేమో, తడిసినవే తెస్తుందేమోనని. “ఏ దేవునికి సార్?” అని అడిగాడు కొట్టతను. నేను డబ్బులు తీశాను. “అరగంటవా, గంటవా?” అన్నాడు. కమిటీ ఎంతసేపుంటుందో తెలియదు కదా, గంటవే తీసుకున్నాను.

సోమవారం పొద్దున ఎనిమిదింటికే గదికి చేరాను. అక్క అప్పటికే ఊడుస్తోంది. నా చేతిలో పొట్లం చూసింది.

“ఇదేంది తమ్మీ? నువ్వెప్పట్నుంచి పూజ జేస్తున్నవ్?”

దాచలేక చెప్పేశాను. గూడు, డిటెక్టర్లు, నలభై నిమిషాలు, అన్నీ. అక్క చీపురు గోడకు ఆనించి స్టూలు మీద కూర్చుంది.

“అంటె రెండు నెలల సంది మీరు లెక్కవెట్టింది నా ఊదుబత్తినా?”

“అవునక్కా.”

“పెద్ద సారుకు ఎర్కేనా?”

“లేదు. ఈ ఒక్కరోజు గడిస్తే చాలక్కా. వాళ్ళు చూసి వెళ్ళిపోతారు. తర్వాత నిజమైనవి ఎలాగూ తెప్పిస్తాం. గది పోతే నీకూ కష్టమే. పరీక్షల బ్రాంచికి వేస్తారు, పొద్దస్తమానం కట్టలు మొయ్యాలి.”

“మోస్త. నెత్తి మీద వెట్టుకొని మోస్త. నాకు మోసుడు కొత్తనా?” అంది అక్క. “దేవునికి ముట్టిచ్చింది మీరు లెక్కల రాసుకుంటె, రేపు నేను ఏం మొకం వెట్టుకొని దండం వెట్టాలె? దేవునికి ముట్టిస్త గని, లెక్కకు ముట్టియ్య తమ్మీ.”

లేచి గూట్లో పటం తీసుకుని, కళ్ళకద్దుకుని, వరండా చివర పాత చోట పెట్టి వచ్చింది. నా పొట్లం కూడా తీసుకుంది. “ఇవి మంచియే తెచ్చినవ్” అని వాసన చూసి కొంగున కట్టుకుంది. గూటి మీద నల్ల గుడ్డ కప్పి మేకులు కొట్టాం ఇద్దరం.

తొమ్మిదికి ఐదు నిమిషాలుండగా చీకటి సారు కొత్త చొక్కాలో వచ్చారు. వెనకే బ్రదర్. గుమ్మంలోనే నిలబెట్టి చెప్పేశాను. ఎంతటి తిట్లు తిట్టారో రాయాలని ఉంది, కానీ ఆయన తిట్టలేదు. నశ్యం డబ్బీ తీశారు, మూత తెరిచారు, మళ్ళీ మూసి జేబులో పెట్టుకున్నారు. “పదకొండు పేజీలయ్యా” అన్నారు మెల్లగా. (అప్పుడు మాత్రం తొమ్మిది అని సరిదిద్దలేదు నేను.) ఈలోగా కమిటీ వచ్చేసింది.

కమిటీకి పెద్ద ఒక బోటనీ ప్రొఫెసరు, బాగా పెద్దాయన. రెండో ఆయన వచ్చింది మొదలు వాచీ చూసుకునే మనిషి. మూడో సభ్యుడు స్వయంగా టేపు సారు, చేతిలో టేపుతో. చీకటి సారు వాళ్ళను కూర్చోబెట్టి అన్నారు:

“మీకు పంపిన గ్రాఫు తప్పు. అది ఫొటాన్లది కాదు, ఊదుబత్తిది.”

“ఊదుబత్తిదంటే?” అన్నారు బోటనీ పెద్దాయన.

“గంధందే సారూ” అంది వెనక నుంచి అక్క.

అంతా విన్నాక టేపు సారు గొంతు సవరించుకున్నారు. “అంటే గది ఖాళీగా ఉన్నట్టే గద సార్.”

“నలభై నిమిషాలు కూర్చోండి” అన్నారు చీకటి సారు. “ఏం రాకపోతే తాళంచెవి మీ చేతుల పెడత.” అని లైటు ఆర్పేశారు.

చీకట్లో ఏడుగురం. ఎదురుగా ఎర్రగా ఒక సున్నా. ఐదు నిమిషాలయ్యేసరికి నా చేతులు మర కోసం దురద పెట్టాయి. లేవబోతే బ్రదర్ నా చొక్కా పట్టుకు లాగాడు. పెద్దాయన మెల్లగా, “ఇంతకు మీరు చేసేదేందయ్యా?” అని అడిగితే, సారు విస్తరి కథ ఎత్తుకున్నారు, ఈసారి ‘మా అక్క చెప్పినట్టు’ అని మొదలుపెట్టారు. పెద్దాయన కుర్చీ కిర్రుమంది. “మోదుగాకులేనా అమ్మా? పెద్దాకులా, లేతవా?” అన్నారు. “లేతయి చినుగుతయి సారూ, ముదురుయి పటుక్కుమంటయి. నడుమయి ఏరుకోవాలె” అంది అక్క. “కరెక్ట్” అన్నారు ఆయన. ఆ గదిలో ఇన్నాళ్ళుగా నేను విన్న ఒకే ఒక్క శాస్త్రీయ చర్చ అదే.

పదో నిమిషంలో టిక్కుమని చప్పుడైంది. అందరం ఊపిరి బిగబట్టాం. టేపు సారు చేతిలో టేపు లోపలికి పోయిన చప్పుడది. “సారీ” అన్నారు చీకట్లో. పన్నెండో నిమిషంలో ఏ చప్పుడూ లేకుండా సున్నా పోయి ఒకటి వచ్చింది. ఇరవై ఒకటో నిమిషంలో రెండు. ఆ తర్వాత చాలాసేపు ఏమీ లేదు, వాచీ చూసుకునే ఆయన సన్నగా గురక పెట్టారు. ముప్పై ఎనిమిదో నిమిషంలో మూడు. నలభైకి చీకటి సారు లైటు వేశారు.

ఎనిమిది నెలలు రానివి ఆ రోజెలా వచ్చాయని మీరు అడగవచ్చు. నేనూ ఆ ప్రశ్న చాలాకాలం వేసుకున్నాను. ఆ ఎనిమిది నెలల్లో ఏ ఒక్కనాడూ నలభై నిమిషాల పాటు ఏ మరా ముట్టుకోకుండా మేం ఊరికే కూర్చోలేదు. అంతకు మించి రహస్యమేమీ లేదు.

“ఈ మూడన్న నిజమైనవే అని గ్యారంటీ ఏంది?” అన్నారు టేపు సారు. అడగవలసిన ప్రశ్నే.

“లేదు” అన్నారు చీకటి సారు. “మూడింటితో ఏం తెల్వది. మూడు వందలు రావాలె. అన్ని కోణాలు తిప్పాలె. అప్పుడు తెలుస్తది. అందుకే గది అడుగుతున్న.”

బోటనీ పెద్దాయన టేపు సారు వైపు తిరిగారు. “రెండు నెలల సంది నిమిషానికి ముప్పై అని రాసిచ్చినాయన, ఇయ్యాల నలభై నిమిషాలకు మూడంటున్నడు. అబద్ధం ఆడేటోడు మూడు అనడు. మనమూ ముగ్గురమే, మనిషికొక విస్తరి వచ్చింది. ఇంక లేద్దాం.”

అయితే కమిటీ అన్నాక ఎవరినీ నొప్పించకూడదు కనుక గదిని సగం సగం చేశారు. మా సగంలో బల్ల, వాళ్ళ సగంలో కట్టలు. రెండు రోజుల్లో జవాబు పత్రాల కట్టలు మా బల్ల చుట్టూ నేల నుంచి కప్పు దాకా లేచాయి, గూటి వైపుతో సహా. మోసింది ఎక్కువగా అక్కే. మేము గొడవపడదామనుకున్నాం కానీ ఆ అవసరం రాలేదు. అంత మందపాటి గోడ మేము జన్మలో కట్టుకోలేకపోయేవాళ్ళం. వెలుతురు రాలేదు, రైలు ఊపు తెలియలేదు, గాలి కూడా మర్యాదగా ఉంది. ఎన్ని వేలమంది రాసిన తప్పు జవాబులో ఆ నాలుగాకుల విస్తరిని కాపలా కాశాయి. కొన్ని వారాలకు మూడు వందలు దాటాయి. ఒకరోజు నేను పలక కోణం తిప్పాను, టిక్కులు ఆగిపోయాయి. గంటసేపు సున్నా. బ్రదర్, నేను ఒకరినొకరు పట్టుకుని గెంతాం. సున్నాను చూసి సంతోషించడం నా జీవితంలో అదొక్కసారే.

ఇప్పుడు నేనొక కాలేజీలో పాఠాలు చెప్పుకుంటున్నాను. ఏ విద్యార్థి అయినా మరీ అందమైన గ్రాఫు పట్టుకొచ్చి చూపిస్తే, చదవడానికి ముందు తల ఎత్తి గదిలో గాలి ఒకసారి పీలుస్తాను. పిల్లలు నాకు సైనసు ఉందనుకుంటారు. మొన్న తార్నాకలో మెట్రో దిగి, లాలాపేట్‌లో అక్క ఇంటికి వెళ్ళాను. రిటైరై చాలా కాలమైంది. గుమ్మంలో కూర్చుని మనవరాలికి మా కథే చెబుతోంది.

“గా చీకట్ల అందరం కూసున్నం. ముప్పై వచ్చినయి. గదేనా తమ్మీ, ముప్పయ్యే గద?”

“మూడే అక్కా.”

“మూడేనా? నువ్వే ఎప్పుడో ముప్పై అన్నట్టు యాదికున్నది. నువ్వు అన్నీ పెంచే చెప్తవు గద.”

నిజమే, అన్నీ పెంచే చెబుతాను. నా నడుము కొలత తప్ప దేన్నీ తగ్గించి చెప్పిన పాపాన పోలేదు. కానీ ఇన్నేళ్ళలో ఎన్ని చోట్ల ఈ కథ చెప్పినా, ఎంత మంచి శ్రోతలు దొరికినా, ఆ మూడును నాలుగు చేద్దామని నా నోటికి రాలేదు. “మూడే అక్కా” అన్నాను మళ్ళీ. అక్క నా వైపు ఒక్క క్షణం చూసి, సరేనన్నట్టు తలూపి లేచింది. దీపాల వేళ అయింది. లోపల పటం ముందు అగ్గిపుల్ల గీసిన చప్పుడు వినిపించింది.

“ఇప్పుడన్న వాసన వస్తున్నదా తమ్మీ?” అంది లోపలి నుంచే.

“వస్తోందక్కా” అన్నాను.